సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ పరిశోధనే వృత్తిగా: ఏ దారి ఎవరికి నప్పుతుంది?

చదవడం ఇష్టం. రాయడం కూడా కొంత వచ్చు. వేరే గ్రహాల కథలైనా, మంత్రలోకాల కథలైనా, వాటి గురించి మాట్లాడమంటే తెల్లవార్లూ మాట్లాడగలరు. దీన్నే బతుకుతెరువు చేసుకోవచ్చా అని ఆలోచిస్తున్నారు. అలాంటివాళ్ళు మొట్టమొదట అడిగేది, పీహెచ్‌డీ చెయ్యాలా వద్దా అని. నా మటుకు అది రెండో ప్రశ్న. దానికంటే ముందు తేలాల్సింది ఇంకొకటుంది: మీ మనసు ఏ రకం పని దగ్గర విసుగు లేకుండా కూర్చుంటుంది?

ముగ్గురు మనుషుల సంగతి చెబుతాను. ఎవరెట్ బ్లైలర్ 1948లో ఒక పట్టిక అచ్చువేశారు. ఇంగ్లీషులో అప్పటిదాకా వచ్చిన సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, అతీంద్రియ కథల పుస్తకాలు ఐదు వేలకు పైగా అందులో ఉన్నాయి. పుస్తకం పేరు, ఎవరు రాశారు, ఎక్కడ, ఏ సంవత్సరం అచ్చయింది, అంతే. అందులో సిద్ధాంతం గానీ వాదన గానీ లేదు. కానీ ఈ సాహిత్యంలో అసలు ఏమేం ఉన్నాయో తెలియకుండా దాని చరిత్ర ఎవరు రాయగలరు? తర్వాతివాళ్ళు చీకట్లో తడుముకోకుండా చేసింది ఆ పట్టికే. ఆయన ఏళ్ళ తరబడి జీతం తీసుకున్నది డోవర్ అనే ప్రచురణ సంస్థలో.

డార్కో సువిన్ మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేశారు. 1972లో రాసిన ఒక వ్యాసంలో సైన్స్ ఫిక్షన్‌కి ఆయన ఒక నిర్వచనం ఇచ్చారు. మనకు అలవాటైన లోకాన్ని కొత్తగా, పరాయిగా చూపించాలి, ఆ పరాయితనం తర్కానికి నిలబడాలి, ఇదీ దాని సారాంశం. ఒప్పుకునేవాళ్ళు, కాదనేవాళ్ళు ఇప్పటికీ ఆ నిర్వచనం దగ్గరే మొదలుపెడతారు. ఒక వ్యాసం యాభై ఏళ్ళకు పైగా చర్చలో నిలబడటమంటే మాటలు కాదు.

జాన్ క్లూట్‌ది మూడో తీరు. ఆయన విమర్శకుడు. కొత్త పుస్తకం చేతికొస్తే దాన్ని ఎక్కడ పెట్టాలో, దేనితో పోల్చాలో, ఎంత బరువుందో చెప్పగలగడమే ఆయన పని. యూనివర్సిటీ ఉద్యోగం లేకుండానే జీవితమంతా అది చేశారు. పీటర్ నికల్స్ ప్రధాన సంపాదకుడిగా 1979లో వచ్చిన సైన్స్ ఫిక్షన్ విజ్ఞాన సర్వస్వంలో ఈయన సహ సంపాదకుడు. 1993లో రెండో కూర్పు ఇద్దరూ కలిసి తెచ్చారు. 2011 నుంచి మూడో కూర్పు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతోంది. ఈ రంగంలో ఎవరి గురించైనా ఒక వాక్యం రాయాలంటే ముందు అక్కడ చూసుకుని రాయడం నాకు అలవాటు.

ఈ ముగ్గురికీ ఒకే జీవిత సాఫల్య పురస్కారం దక్కింది. సైన్స్ ఫిక్షన్ రీసెర్చ్ అసోసియేషన్ అప్పట్లో పిల్‌గ్రిమ్ అవార్డు అనే పేరుతో ఇచ్చిన ఆ పురస్కారం సువిన్‌కి 1979లో, బ్లైలర్‌కి 1984లో, క్లూట్‌కి 1994లో వచ్చింది. ఒకరు వాదించేవారు, ఒకరు పట్టిక కట్టేవారు, ఒకరు తూచి చెప్పేవారు. ముగ్గురినీ ఈ రంగం పండితులుగానే చూసింది. ఇది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. పీహెచ్‌డీ లేనివాళ్ళు బయటివాళ్ళన్న భయం ఇక్కడ అంతగా పెట్టుకోనక్కర్లేదు.

మీరు ఈ ముగ్గురిలో ఎవరికి దగ్గరో ఊహించుకుని తేల్చుకోవద్దు, చేసి చూడండి. ఒక మూడు నెలలు పెట్టుకోండి. మొదటి నెల ఏదైనా పాత పత్రిక ఒక ఏడాది సంచికలు తీసుకుని అందులోని కథలన్నిటికీ సూచిక తయారుచెయ్యండి. రచయిత, కథ పేరు, సంచిక, పేజీలు, అనువాదమైతే మూలం. రెండో నెల ఒకే ఒక్క కథ మీద మూడు వేల మాటల వ్యాసం రాయండి. కథ బాగుందనో బాగాలేదనో చెప్పకూడదు, అది ఎలా పనిచేస్తోందో చెప్పాలి. మూడో నెల నాలుగు కొత్త పుస్తకాలకు ఎనిమిది వందల మాటలకు మించకుండా సమీక్షలు రాయండి, వారానికొకటి. ఏది బాగా వచ్చిందన్నది ఇప్పుడు ముఖ్యం కాదు. ఏ నెల టైం తెలియకుండా గడిచిపోయిందో చూసుకోండి. మొదటి నెల అయితే మీ చోటు లైబ్రరీల దగ్గర, సూచికల దగ్గర. రెండోదైతే యూనివర్సిటీ గురించి ఆలోచించొచ్చు. మూడోదైతే విమర్శ, ఎడిటింగ్.

ఇక దారుల సంగతి.

యూనివర్సిటీ దారి

అందరి కళ్ళూ దీని మీదే ఉంటాయి కాబట్టి దీని గురించే ఎక్కువ చెప్పాలి.

ఈ సాహిత్యం యూనివర్సిటీ గడప తొక్కి ఎంతోకాలం కాలేదు. ఈ రంగానికి మొదటి అకడమిక్ జర్నల్ ‘ఎక్స్‌ట్రాపొలేషన్’ 1959లో థామస్ క్లేర్సన్ మొదలుపెట్టారు. పైన చెప్పిన సైన్స్ ఫిక్షన్ రీసెర్చ్ అసోసియేషన్, అంటే పరిశోధకుల సంఘం, 1970లో ఏర్పడింది. ఇంగ్లండ్‌లో ‘ఫౌండేషన్’ జర్నల్ 1972లో, అమెరికాలో ‘సైన్స్ ఫిక్షన్ స్టడీస్’ 1973లో వచ్చాయి. ఫాంటసీ వైపు వాళ్ళకు ప్రధాన వేదికైన అంతర్జాతీయ సదస్సు ఫ్లోరిడాలో 1980లో మొదలైంది. అంటే ఈ చదువుకి గట్టి పునాది పడింది సుమారు ఇరవై ఏళ్ళలో, అదీ కొద్దిమంది పట్టుదల వల్ల. ఇప్పుడు సైన్స్ ఫిక్షన్ మీద థీసిస్ రాస్తానంటే నవ్వేవాళ్ళు తక్కువ.

కానీ థీసిస్‌కి ఒప్పుకోవడం వేరు, ఉద్యోగం ఇవ్వడం వేరు. ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్లు ఉద్యోగ ప్రకటన ఇచ్చేటప్పుడు ఎక్కువగా కాలాన్ని బట్టో ప్రాంతాన్ని బట్టో ఇస్తాయి: ఇరవయ్యో శతాబ్దపు సాహిత్యం, మధ్యయుగ సాహిత్యం, వలసానంతర సాహిత్యం, ఇలా. ‘సైన్స్ ఫిక్షన్ బోధించడానికి ఒకరు కావాలి’ అని వచ్చే ప్రకటనలు చాలా అరుదు. అందుకని ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి రెండో విషయం ఒకటి తప్పకుండా ఉండాలి. మీ ఉద్యోగం దాని పేరు మీదే వస్తుంది.

రెండో విషయమంటే తప్పనిసరై మోసే బరువని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం ఈ రంగంలోని మంచి ఆలోచనల్లో ఎన్నో అక్కడినుంచే వచ్చినట్టు కనిపిస్తుంది. సువిన్ నాటకరంగ పండితుడు, జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ మీద పుస్తకం రాసినవారు. తెలిసినదాన్ని పరాయిగా చూపించడమనే ఆలోచన ఆయనకు బ్రెహ్ట్ నుంచి, రష్యన్ రూపవాదులనే సాహిత్య విమర్శకుల నుంచి వచ్చింది. సైన్స్ ఫిక్షన్ తప్ప ఇంకేమీ చదవకపోయి ఉంటే ఆ నిర్వచనం పుట్టేది కాదు. ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ రాసిన టోల్కీన్ పాత ఇంగ్లీషు భాషకి ప్రొఫెసర్. అద్భుత కథల మీద 1939లో సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీలో ఆయన చేసిన ఉపన్యాసం ఇవాళ్టికీ ఫాంటసీ విద్యార్థులకు మొదటి పాఠం. టోల్కీన్ మీద నిలబడే పరిశోధన చేసిన టామ్ షిప్పీ కూడా భాషా చరిత్ర చదివినవారే. ఒకప్పుడు టోల్కీన్ లీడ్స్ యూనివర్సిటీలో కూర్చున్న ప్రొఫెసర్ పీఠంలోనే ఆయనా కూర్చున్నారు. పిల్‌గ్రిమ్ అవార్డుకి ఆ పేరు రావడానికి కారణమైన పుస్తకం 1947లో జె. ఓ. బెయిలీ రాశారు. ఆయన థామస్ హార్డీ కవిత్వానికి పెద్ద వ్యాఖ్యాత.

కాబట్టి రెండో విషయాన్ని ఏదో ఒకటి చూపించడానికని ఎంచుకోకండి. సైన్స్ ఫిక్షన్ మీద ఆసక్తి ఉంటే సైన్సు చరిత్ర, రాజకీయ సిద్ధాంతం, పర్యావరణ సాహిత్యం, నాటకం బాగా కలుస్తాయి. ఫాంటసీ అయితే జానపద విజ్ఞానం, మధ్యయుగ సాహిత్యం, పిల్లల సాహిత్యం, మతాల చరిత్ర. ఉద్యోగ ప్రకటనలు ఏ విషయంలో వస్తున్నాయో రెండేళ్ళపాటు గమనించి, వాటిలో మీకు నిజంగా ఇష్టమైనది తీసుకోవడం మంచిది.

ఇంక డబ్బు. ఇక్కడ నా సలహా సూటిగానే ఉంటుంది. ఫెలోషిప్ గానీ స్కాలర్‌షిప్ గానీ రాకుండా, సొంత డబ్బుతోనో అప్పుతోనో ఈ విషయంలో పీహెచ్‌డీ చెయ్యొద్దు. బ్రిటన్‌లో ఫుల్‌టైమ్ పీహెచ్‌డీ అంటే మూడు నాలుగేళ్ళు, అమెరికాలో కోర్సులతో కలిపి ఐదు నుంచి ఏడేళ్ళు మామూలు. అన్నేళ్ళు పెట్టి పట్టా తెచ్చుకున్నా పర్మనెంటు ఉద్యోగం వస్తుందన్న హామీ సాహిత్యంలో ఎక్కడా లేదు. చాలామంది ఏడాదికో సెమిస్టర్‌కో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతూ ఏళ్ళు గడుపుతున్నారు. తిండికీ అద్దెకీ సరిపడా ఫెలోషిప్ ఉంటే, ఉద్యోగం రాకపోయినా ఆ ఏళ్ళు చదువుకున్న ఏళ్ళుగా మిగులుతాయి. అప్పు చేసి చదివితే ఆ అప్పే మీ తర్వాతి పదేళ్ళలో ఏం చెయ్యాలో నిర్ణయిస్తుంది.

సీటు ఎక్కడ తీసుకోవాలన్నదానికి ఊరి పేరు కంటే గైడ్ ముఖ్యం, గైడ్ కంటే కొంచెం తక్కువగా లైబ్రరీ ముఖ్యం. గ్లాస్గో యూనివర్సిటీలో 2015 నుంచి ఫాంటసీలోనే ప్రత్యేకంగా మాస్టర్స్ డిగ్రీ ఉంది. ఫాంటసీ మనిషికి అదొక అరుదైన చోటు. లివర్‌పూల్ యూనివర్సిటీ లైబ్రరీలో సైన్స్ ఫిక్షన్ ఫౌండేషన్ వాళ్ళ పెద్ద సేకరణ ఉంది. కాన్సాస్ యూనివర్సిటీలో సైన్స్ ఫిక్షన్ రచయిత జేమ్స్ గన్ 1982లో స్థాపించిన అధ్యయన కేంద్రం ఉంది. ఇంగ్లీషుకు బయటి సైన్స్ ఫిక్షన్ మీద పనిచేసేవాళ్ళకు ఓస్లో యూనివర్సిటీలోని కోఫ్యూచర్స్ బృందం ఒక ఆసరా. ఒకచోటికి దరఖాస్తు పెట్టేముందు ఆ గైడ్ దగ్గర పూర్తిచేసిన ఇద్దరు ముగ్గురు పాత విద్యార్థులకు ఉత్తరం రాయండి. ఎన్నేళ్ళు పట్టింది, అధ్యాయం పంపితే ఎన్నాళ్ళకు చదివి ఇస్తారు, ఇప్పుడు ఏం చేస్తున్నారు, ఈ మూడు అడగండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు, అడిగితే ఎక్కువమంది మొహమాటం లేకుండా చెబుతారు.

రోజువారీ పని ఎలా ఉంటుందో కూడా తెలుసుకుని వెళ్ళాలి. ప్రొఫెసర్ అంటే రోజంతా ఇష్టమైన నవలలు చదువుతూ కూర్చుంటారన్నది బయటి ఊహ. పాఠాలు, పేపర్లు దిద్దడం, కమిటీలు, సిఫారసు ఉత్తరాలు పోగా మిగిలిన టైంలో పరిశోధన. పైగా మీరు చెప్పే పాఠాల్లో చాలావరకు మీ రెండో విషయానివే అవుతాయి. బోధన మీద ఇష్టం లేని మనిషికి ఈ దారి నరకంలా ఉంటుంది. ఇష్టమున్న మనిషికి, ఇరవై ఏళ్ళ కుర్రవాడు మొదటిసారి ఒక మంచి కథ చదివి క్లాసులోకి వచ్చి మాట్లాడినప్పుడు కలిగే ఆనందం ఇంకే దారిలోనూ దొరకదు.

వయసు దాటిపోయిందనుకునేవాళ్ళకు జాక్ విలియమ్సన్ సంగతి చెప్పాలి. 1908లో పుట్టిన ఆ రచయిత హెచ్. జి. వెల్స్ మీద పీహెచ్‌డీ పూర్తిచేసింది 1964లో. ఈస్టర్న్ న్యూ మెక్సికో యూనివర్సిటీలో పాఠాలు చెప్పి 1977లో రిటైరయ్యారు. శామ్యూల్ డిలానీకైతే డిగ్రీయే లేదు, మధ్యలో మానేశారు. అయినా 1988లో మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆమ్‌హెర్స్ట్‌లో తులనాత్మక సాహిత్య ప్రొఫెసర్ అయ్యారు. డిలానీ దారి మాత్రం మీరు లెక్కలోకి తీసుకోకండి. అప్పటికే ఆయన పేరున్న నవలా రచయిత, విమర్శకుడు. అలా పిలిచి పీట వేసే రోజు అందరికీ రాదు.

లైబ్రరీ, ఆర్కైవ్ దారి

దీన్ని చాలామంది అసలు లెక్కలోకే తీసుకోరు. నా దృష్టిలో పట్టిక కట్టే బుద్ధి ఉన్నవాళ్ళకి ఇంతకంటే మంచిది లేదు.

కాలిఫోర్నియా యూనివర్సిటీ రివర్‌సైడ్‌లో ఉన్న ఈటన్ కలెక్షన్ ఒక డాక్టరు ఇంట్లో మొదలైంది. జె. లాయిడ్ ఈటన్ అనే ఆ వైద్యుడు పోగుచేసిన సుమారు 7,500 పుస్తకాలను యూనివర్సిటీ 1969లో కొన్నది. ఇవాళ అది ఈ సాహిత్యానికి ప్రపంచంలోనే పెద్ద సేకరణల్లో ఒకటి. టొరంటో పబ్లిక్ లైబ్రరీలో మెరిల్ కలెక్షన్ ఉంది. రచయిత్రి, సంపాదకురాలు జుడిత్ మెరిల్ 1970లో తన దగ్గరున్న సుమారు ఐదు వేల పుస్తకాలు, పత్రికలు ఇవ్వడంతో అది మొదలైంది. అది పబ్లిక్ లైబ్రరీ కావడం నాకు చాలా ఇష్టమైన సంగతి. ఏ ఐడీ కార్డూ లేని మామూలు పాఠకుడు కూడా వెళ్ళి కూర్చుని చదువుకోవచ్చు. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ లైబ్రరీలో హాల్ డబ్ల్యూ. హాల్ అనే లైబ్రేరియన్ దశాబ్దాలపాటు సమీక్షలకూ పరిశోధన వ్యాసాలకూ సూచికలు తయారుచేశారు. 2000లో పిల్‌గ్రిమ్ అవార్డు ఆయనకే ఇచ్చారు.

ఇక్కడ పని ఏమిటంటే, వచ్చిన పుస్తకాన్ని క్యాటలాగ్ చెయ్యడం, రచయితల ఉత్తరాలూ చేతిరాతలూ సర్దడం, చెడిపోతున్నవాటిని స్కాన్ చెయ్యడం, వచ్చిన పరిశోధకులకి కావలసింది వెతికిపెట్టడం. చెడిపోవడమంటే మామూలుగా కాదు. ‘అమేజింగ్ స్టోరీస్’ 1926లో మొదలైన దగ్గర్నుంచి ఈ సాహిత్యం చాలాకాలం పల్ప్ పత్రికల్లోనే బతికింది. చవక చెక్కగుజ్జుతో చేసిన ఆ కాగితంలో ఆమ్లం ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కి, పెళుసై, పేజీ తిప్పితే చేతిలోనే విరిగిపోతుంది. ఆ సంచికలు పోతే, పుస్తకరూపంలో ఎప్పుడూ రాని కథలు వాటితోపాటే పోతాయి. ఒక లైబ్రేరియన్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనిచేసి పది సంచికలు కాపాడితే, ఆ రోజు ఎవరూ వ్యాసం రాయకపోయినా ఫరవాలేదు.

యూనివర్సిటీ దారితో పోలిస్తే దీనిలో రెండు మేలులు. చదువు తొందరగా అయిపోతుంది, లైబ్రరీ సైన్సులో మాస్టర్స్ ఏడాది రెండేళ్ళ పని. ఇంకొకటి అంతకంటే పెద్దది: ఈ సాహిత్యానికి ప్రత్యేకించిన సేకరణలు చాలా తక్కువ, వాటిలో ఖాళీలు ఇంకా తక్కువ, కానీ అక్కడ ఉద్యోగం రాకపోయినా మీరు లైబ్రేరియనే. వేరే లైబ్రరీలో పనిచేసుకుంటూ సూచికల పని సొంతంగా చేసుకోవచ్చు. ఫాంటసీ మీద పీహెచ్‌డీకి ఆ వెసులుబాటు లేదు. లోటేమిటంటే మీ పేరు ఎక్కువగా ఎదుటివాళ్ళ పుస్తకాల్లో కృతజ్ఞతల పేజీలో ఉంటుంది. దానికి నొచ్చుకునే స్వభావమైతే ఇటు రావద్దు.

ఎడిటింగ్ దారి

దీని గురించి తక్కువే చెబుతాను. ఎందుకంటే ఇందులోకి వెళ్ళడానికి చదువు కంటే ప్రచురణ రంగంలో అడుగుపెట్టడం ముఖ్యం. అది ఒక్కోచోట ఒక్కోలా జరుగుతుంది. డేవిడ్ హార్ట్‌వెల్ ఉదాహరణ మాత్రం గుర్తుంచుకోదగ్గది. కొలంబియా యూనివర్సిటీలో మధ్యయుగ తులనాత్మక సాహిత్యంలో పీహెచ్‌డీ చేసి, ప్రొఫెసర్ కాకుండా ఎడిటర్ అయ్యారు. టోర్ అనే ప్రచురణ సంస్థలో చాలాకాలం పనిచేశారు. విమర్శకు ఒక పత్రిక 1988లో మొదలుపెట్టారు, పెద్ద పెద్ద సంకలనాలు కూర్చారు. సంకలనానికి ఆయన రాసే ముందుమాటలే సాహిత్య చరిత్ర పాఠాల్లా ఉండేవి. తూచే బుద్ధి ఉన్నవాళ్ళకి ఇది బాగా నప్పుతుంది, ఎందుకంటే ఇక్కడ మీ తీర్పు వల్ల ఒక పుస్తకం పుడుతుంది లేదా పుట్టదు. అయితే జీతమిచ్చే పని అమ్ముడుపోయే పుస్తకాలు తేవడం. పాండిత్యానికి మిగిలేది రాత్రుళ్ళూ ఆదివారాలూ.

సొంత ఉద్యోగం, సొంత పరిశోధన

మైక్ ఆష్లీ ఇంగ్లండ్‌లో స్థానిక ప్రభుత్వ ఉద్యోగిగా పనిచేశారు. ఖాళీ టైంలో సైన్స్ ఫిక్షన్ పత్రికల చరిత్రను సంపుటాలు సంపుటాలుగా రాశారు. పత్రికల గురించి ఏ ప్రొఫెసర్ రాయాలన్నా ఆయన పుస్తకాలు చూడాల్సిందే. పిల్‌గ్రిమ్ అవార్డు 2002లో ఆయనకు వచ్చింది. ఇలాంటివాళ్ళను ఇండిపెండెంట్ స్కాలర్లు అంటారు.

చాలామందికి నేను సూచించేది ఈ దారినే. కారణం చెబుతాను. బతుకుతెరువు భయం లేని మనిషి పదేళ్ళు పట్టే పని ఎత్తుకోగలడు. రెండేళ్ళలో పుస్తకం రాకపోతే ప్రమోషన్ పోతుందన్న బెంగ ఉన్నవాళ్ళు అలాంటి పని ముట్టుకోలేరు. పూర్తి గ్రంథసూచిక, ఒక పత్రిక మొత్తం చరిత్ర, ఒక మరుగునపడిన రచయిత్రి సంపూర్ణ రచనలు, ఇలాంటివి యూనివర్సిటీ గడియారానికి సరిపడవు. అందుకే వీటిలో చాలా పని బయటివాళ్ళే చేశారు.

ఇబ్బందులు లేకపోలేదు. అన్నిటికంటే పెద్దది జర్నళ్ళు, డేటాబేస్‌లు చూడగలగడం. యూనివర్సిటీ లాగిన్ లేకపోతే సగం వ్యాసాలు చదవడానికి డబ్బు కట్టాలి. దీనికి కొన్ని మార్గాలున్నాయి. పరిశోధకుల సంఘంలో ఎవరైనా సభ్యులు కావచ్చు, ఉద్యోగం ఏమిటని అడగరు. ఆ సంఘం సొంత పత్రిక ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పెద్ద నగరాల పబ్లిక్ లైబ్రరీల్లో చాలావాటికి డేటాబేస్ చందాలుంటాయి. వ్యాసం రాసినవారికే మర్యాదగా ఒక ఉత్తరం రాస్తే ఎక్కువమంది పంపిస్తారు. మంచి జర్నళ్ళు వ్యాసం రాసింది ఎవరో చెప్పకుండానే పరిశీలకులకు పంపుతాయి, కాబట్టి మీ పేరు వెనక యూనివర్సిటీ లేదని వ్యాసాన్ని పక్కన పెట్టెయ్యరు.

రెండో ఇబ్బంది ఒంటరితనం. దీన్ని చిన్నచూపు చూడొద్దు. రాసింది చదివి, ఇక్కడ తప్పు ఉంది అని చెప్పే మనిషి లేకపోతే మెల్లిగా మన తప్పులే మనకు సిద్ధాంతాలైపోతాయి. ఏడాదికి ఒక్క సదస్సుకైనా వెళ్ళడం, ఇద్దరు ముగ్గురితో రాతలు మార్చుకునే అలవాటు పెట్టుకోవడం ఈ దారిలో తప్పనిసరి ఖర్చుగా చూడాలి.

మూడోది అలసట. సాయంత్రం ఉద్యోగం నుంచి వచ్చాక సిద్ధాంత గ్రంథం చదవడం కష్టం, సూచిక కట్టడం అంత కష్టం కాదు. రోజుకి గంట చొప్పున ముందుకు సాగే పనిని ఎంచుకోండి. 1995 నుంచి నడుస్తున్న ఇంటర్నెట్ స్పెక్యులేటివ్ ఫిక్షన్ డేటాబేస్ పూర్తిగా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళ చేతుల మీద పెరిగింది. ఒక సంచిక వివరాలు సరిచూసి అక్కడ చేర్చడంతో మొదలుపెట్టినా, అది పదిమంది పరిశోధకులకి ఉపయోగపడే పనే.

ఏ పరిస్థితికి ఏది

మీ వయసు ఇరవైల్లో ఉండి, ఫెలోషిప్ చేతికొచ్చి, వాదించడమూ బోధించడమూ రెండూ ఇష్టమైతే పీహెచ్‌డీకి వెళ్ళండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆగి ఆలోచించండి. ఫెలోషిప్ లేకపోతే మాస్టర్స్ వరకు చదివి ఉద్యోగం చూసుకోవడం నయం. ఇంట్లో మీ జీతం మీద ఆధారపడేవాళ్ళు ఉంటే ఉన్న ఉద్యోగం వదలకుండా ఇండిపెండెంట్‌గా మొదలుపెట్టి, రెండు మూడు వ్యాసాలు అచ్చయ్యాక పీహెచ్‌డీ సంగతి మళ్ళీ చూడొచ్చు. అచ్చయిన వ్యాసాలున్న మనిషికి ఫెలోషిప్ వచ్చే అవకాశం ఎలాగూ పెరుగుతుంది.

కథలు కూడా రాయాలన్న కోరిక ఉంటే ఒక హెచ్చరిక. పరిశోధన, సృజన రెండూ చేసినవాళ్ళు ఉన్నారు, విలియమ్సన్, గన్, డిలానీ అందుకు సాక్ష్యం. కానీ ముగ్గురూ ముందు కథలు రాసి, తర్వాత యూనివర్సిటీకి వచ్చినవాళ్ళు. థీసిస్ రాసే ఏళ్ళలో నవల కూడా పూర్తిచేస్తానని ప్లాన్ వేసుకుంటే రెండూ వెనకబడే ప్రమాదం ఎక్కువ.

సైన్స్ ఫిక్షనా, ఫాంటసీయా అన్నది మొదట్లోనే తేల్చెయ్యనక్కర్లేదు గానీ, రెండిటి పరికరాలు వేరని తెలిసి ఉండాలి. సైన్స్ ఫిక్షన్ విమర్శ చాలాకాలం సువిన్ చుట్టూ, ఆదర్శలోకాల చర్చ చుట్టూ తిరిగింది. ఫాంటసీ వైపు కథ లోపలి నిర్మాణం మీద పని ఎక్కువ. ఉదాహరణకి ఫరా మెండెల్‌సన్ 2008లో, అద్భుతం కథలోకి ఎటునుంచి వస్తుందన్నదాన్ని బట్టి ఫాంటసీని నాలుగు తీరులుగా విడదీశారు: పాత్రలు మన లోకం నుంచి అక్కడికి వెళ్ళడం, మొదటినుంచీ ఆ లోకంలోనే ఉండటం, అద్భుతమే మన లోకంలోకి చొరబడటం, ఉందో లేదో తేలకుండా గడప మీద నిలబడటం. ఇలాంటి విభజన చూస్తే మీకు ఉత్సాహం వస్తుందా, సమాజం భవిష్యత్తు గురించిన చర్చ చూస్తే వస్తుందా? జవాబు మీకు వెంటనే తెలిసిపోతుంది.

చివరిగా, ఇంగ్లీషు కాకుండా ఇంకో భాషలో లోతుగా చదవగలిగేవాళ్ళ సంగతి. మీరు ఏ దారి ఎంచుకున్నా మీ చేతిలో ఉన్న పెద్ద పెట్టుబడి ఆ భాషే. ఇంగ్లీషులో పేరున్న రచయితల మీద ఇంకో పుస్తకం రాయడానికి వందల మంది ఉన్నారు. మీ భాషలో పాత వారపత్రికల్లో, పిల్లల పత్రికల్లో వచ్చిన సైన్స్ కథలకి సూచిక ఉందో లేదో ముందు వెతకండి. చాలా భాషల్లో బ్లైలర్ 1948లో చేసిన పని ఇంకా మొదలే కాలేదు. సూచిక లేదని తేలితే, పాత సంచికలు ఏ లైబ్రరీలో, ఎవరి ఇంటి అటక మీద ఉన్నాయో కనుక్కుని, ఫోన్‌తోనైనా సరే విషయసూచిక పేజీలు ఫొటోలు తీసుకోవడంతో మొదలుపెట్టండి. ఏ యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టినా, ఏ లైబ్రరీ ఇంటర్వ్యూకి వెళ్ళినా, ఏ జర్నల్‌కి రాసినా, ఐదు వందల కథలతో పూర్తయిన సూచిక చేతిలో పెట్టుకుని వెళ్ళే మనిషి మాట వింటారు.